వెన్న డబ్బా, డియోడరెంట్ బంతి, ఓ లీసా

"డిజైన్ థింకింగ్" అనగానే మన ఆఫీసుల్లో గోడ నిండా రంగురంగుల చీటీలు, రెండ్రోజుల వర్క్‌షాపు, చివర్లో ఓ సర్టిఫికెట్టు. నాకు మాత్రం వెన్న డబ్బా గుర్తొస్తుంది.

1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని లోకానికి చూపించాడు. తర్వాత జిరాక్స్ వాళ్ళు దాన్ని బాగుచేశారు గానీ, మామూలు జనం బల్ల మీదకి తేలేకపోయారు. 1979 చివర్లో స్టీవ్ జాబ్స్ జిరాక్స్ ల్యాబులో దాన్ని చూసి, డీన్ హోవీ అనే కుర్ర డిజైనర్‌కి పని అప్పజెప్పాడు. హోవీ చెప్పిన ప్రకారం జిరాక్స్ మౌస్ ఖరీదు 300 డాలర్లు, రెండు వారాల్లో పాడయ్యేది. జాబ్స్‌కి కావాల్సింది 15 డాలర్ల లోపుది, రెండేళ్ళు మన్నేది, జీన్స్ ప్యాంటు మీద కదిపినా పనిచేసేది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు అంతే! (మనకి రెండొందల పేజీలిచ్చినా ఇంత స్పష్టత ఉండదు.)

హోవీ దుకాణానికెళ్ళి రోల్-ఆన్ డియోడరెంట్లు, ఓ వెన్న డబ్బా కొనుక్కొచ్చాడు. డియోడరెంట్ బంతి తీసి డబ్బా కింద అమర్చాడు. మొదటి నమూనా అదే. జిరాక్స్ వాళ్ళలా బంతిని బిగించి పట్టక్కర్లేదని, వదులుగా దొర్లినా చాలని తేలింది. ఎందుకంటే వాడేవాడి కళ్ళు తెర మీదుంటాయి, బాణం కాస్త పక్కకెళితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. ఖరీదైన యంత్రం చెయ్యాల్సిన పని మనిషే చేసేస్తున్నాడన్నమాట. ఈ సంగతి ఎవర్నడిగినా చెప్పలేరు, చేతిలో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. హోవీ భాగస్వామి డేవిడ్ కెల్లీ తర్వాత ఐడియో సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడయ్యాడు, మన చీటీల గోడకి మూలం ఆ వైపే.

ఆ మౌస్ 1983 జనవరిలో ఆపిల్ లీసాతో బయటికొచ్చింది. లీసా మీదా పరీక్షలు తక్కువేం కాదు. లారీ టెస్లర్ కంప్యూటర్ ముట్టనివాళ్ళని కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నారో చూసి మార్పించేవాడు. మౌస్‌కి ఒక్క బటనే చాలన్న వాదన అలా గెలిచిందే. అంతా బాగానే ఉంది, ధర మాత్రం 9,995 డాలర్లు! పైగా నెమ్మది. టెస్టుకి కూర్చున్నవాడు ధర గురించి ఎందుకడుగుతాడు? వాడి జేబులోంచి పోవట్లేదుగా. ధర ఎంత, ఎవరికమ్మాలి అనే చీటీ ఆ గోడ మీద ఉండదు. ఉన్నా, దాన్ని పీకి వేరేది అంటించే అధికారం మనలాంటివాళ్ళకి ఉండదు. ప్రాజెక్టు మునుగుతున్నప్పుడు వర్క్‌షాపు పెడితే నాకు చిరాకేసేది అందుకే.

ఏడాది తర్వాత అదే ఒంటి బటన్ మౌస్‌తో మాకింటోష్ 2,495 డాలర్లకి వచ్చింది. 1985లో లీసా ఆగిపోయింది. 1989లో మిగిలిపోయిన సుమారు 2,700 లీసాలని పన్ను లెక్కల కోసం యూటాలోని లోగన్ ఊరి చెత్తదిబ్బలో పూడ్చేశారు.