దారా షికో ఉంగరము

ఢిల్లీలో నిగమబోధ ఘట్టమునకు చేరువనున్న తన సౌధమున, కాశినుండి వచ్చిన పండితులను, సన్న్యాసులను కూర్చుండబెట్టుకొని, షాజహాను జ్యేష్ఠపుత్రుడు దారా షికో 1657లో ఆఱుమాసములు శ్రమించి యాబది యుపనిషత్తులను పారసీకమున వెలయించి, ఆ గ్రంథమునకు ‘సిర్రె అక్బర్’, అనగా మహారహస్యమని, పేరిడెను.

ఇతని ప్రపితామహుడగు అక్బరు ఫతేపూర్ సిక్రీ యందు 1575లో ఇబాదత్‌ఖానా కట్టించి, ముల్లాలను, బ్రాహ్మణులను, జైనమునులను, పార్సీ దస్తూరులను, గోవానుండి వచ్చిన పాదరీలను వాదమునకు దింపెను. వాదమన్నచోట గెలుపోటములు తప్పవు గదా! దారా మార్గము వేఱు. కాదిరీ సూఫీయగు ముల్లా షాకు శిష్యుడైన యితడు 1655 ప్రాంతమున రచించిన ‘మజ్మఉల్ బహ్రైన్’లో సూఫీల పరిభాషను వేదాంతుల పరిభాషతో సరిపోల్చుచు, బ్రహ్మవిష్ణుమహేశ్వరులు జిబ్రాయీలు, మికాయీలు, ఇస్రాఫీలు అను దేవదూతలే యని వ్రాసెను. త్రిమూర్తులను దూతల స్థానమున నిలుపుట మన పౌరాణికులకు రుచింపకపోవచ్చును. కాని వారిని నిర్గుణ పరబ్రహ్మమునకు లోబడిన గుణమూర్తులుగా తలచు అద్వైతికి ఇందు విపరీతమేమియు తోచదు.

అట్లని దారా ఇస్లామును వీడెననుట సరికాదు. ఖురాను పేర్కొన్న నిగూఢగ్రంథము ఉపనిషత్తులే యని అతని విశ్వాసము. అనగా తన గ్రంథపు మర్మమెఱుగుటకే పరుల గ్రంథమును తెఱచెను. దారా తమ్ముడగు ఔరంగజేబు ఆస్థాన చరిత్రకారుడు మాత్రము ఇతని నేరముల పట్టికలో ఒక ఉంగరమును గూడ చేర్చెను: దానిపై నాగరాక్షరములలో ‘ప్రభు’ అని చెక్కించుకొనెనట! 1657 సెప్టెంబరులో షాజహాను వ్యాధిగ్రస్తుడు కాకున్నచో, సోదరులు సింహాసనమునకై కత్తులు దూయకున్నచో, ఆ ఉంగరము నెవ్వరు పట్టించుకొందురు? 1658లో సముగఢ్ వద్ద ఓడిన దారాను, మతభ్రష్టుడను తీర్పు నెపముగా, మఱుసటి యేట ఢిల్లీలో చంపించిరి.

గ్రంథము మాత్రము బ్రతికెను. ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరోఁ ఆ పారసీకమును లాటినులోనికి మార్చి 1801-02లో ప్రకటింపగా, జర్మను దార్శనికుడు షోపెన్‌హోవరు దానిని జీవితాంతము విడువక పఠించెను. అతడు ఋషివాక్యములనుకొని చదివినవానిలో, మూలముతో కలిసిపోయిన దారా సూఫీ వ్యాఖ్యలును కొన్ని కలవు.