ఆకు పోతే పంట పోయినట్టేనా? బీన్స్ మొక్క చెప్పిన జవాబు

మాది ఆదిలాబాద్ వైపు ఒక పల్లె. సోయాబీన్ వేస్తాం. నేను బీటెక్ చదివే రోజుల్లో ఆకులకి నాలుగు చిల్లులు కనబడితే చాలు, నాన్న అప్పు తెచ్చి మరీ మందు కొట్టేవాడు. "ఆకు పోతే పంట పోయినట్టే కదరా" అనేవాడు. నిజంగా అంతేనా?

ఈ ప్రశ్నని ల్యాబ్‌లో పరీక్షించిన కథ ఒకటుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెరిస్ట్‌విత్ అనే ఊరు. అక్కడి ప్రొఫెసర్ ఫిలిప్ వేరింగ్ ఇంకో ఇద్దరితో కలిసి బీన్స్, మొక్కజొన్న మొక్కలకి కావాలనే కొన్ని ఆకులు తెంపేశాడు. 1968లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. మిగిలిన ఆకులు మునుపటికన్నా జోరుగా కిరణజన్య సంయోగక్రియ చేశాయి! గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైమ్ పనితనం కూడా వాటిలో పెరిగింది. ఎందుకు? వేర్ల నుంచి పైకొచ్చే సైటోకైనిన్ లాంటి హార్మోన్లని ఇప్పుడు తక్కువ ఆకులు పంచుకుంటాయి, ఒక్కోదానికి వాటా ఎక్కువ వస్తుందని వాళ్ల అంచనా.

మన ఆఫీసుల్లో ఇద్దరు మానేస్తే మిగతావాళ్లకి పని పెరుగుతుంది, జీతం పెరగదు. మొక్క అలా కాదు, రెండూ పెంచుతుంది.

కానీ ఇక్కడే ఒక మెలిక. 1984లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు సుసాన్ వాన్ కేమరర్, గ్రాహం ఫార్‌కర్ బీన్స్ మీదే మళ్లీ కొలిచారు. పెరుగుదల నిజమే, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. అంటే మొక్కకి టైమ్ కావాలి. పూతకు ముందైతే కోలుకుని కొత్త చిగుళ్లు కూడా వేస్తుంది. గింజ నిండేటప్పుడు ఆ టైమ్ ఎక్కడిది?

పురుగు కనబడగానే కాదు, నష్టం మందు ఖర్చుని దాటబోతుంటేనే కొట్టాలనే లెక్కని 1959లోనే కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. అమెరికా సోయాబీన్ రైతులకి మామూలుగా చెప్పే అంకెలు: పూతకు ముందు 30 శాతం ఆకు, ఆ తర్వాత 20 శాతం దగ్గర.

పోయిన వానాకాలం నాన్న ఫోన్ చేశాడు, లద్దె పురుగు పడిందని. "పూత వచ్చిందా?" అన్నా. రాలేదు. "చేనంతా తిరిగి చూడు, ఎంత ఆకు పోయిందో చెప్పు" అన్నా. పదో వంతు కూడా లేదు. ఆ వారం మందు కొట్టలేదు, రోజూ చేను చూశాడంతే. అప్పు తప్పింది. అదే కాయ దశలో అయితే, వెంటనే వ్యవసాయ అధికారిని అడగమని నేనే తొందరపెట్టేవాణ్ణి.

మీ ఊళ్లో ఎంత ఆకు పోతే మందు కొడతారు? కామెంట్‌లో చెప్పండి.