టముకు నుంచి సెల్‌ఫోను దాకా

సరుకు ఎంత మంచిదైనా నలుగురి చెవినా పడకపోతే కొట్టు కట్టేయాల్సిందే. ఈ సంగతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికి బాగా తెలుసు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఊరికే పంచేవారట. తలనొప్పి తగ్గినవాడు మర్నాడు కొనుక్కోడూ మరి!

ఊళ్ళలో అయితే టముకు ఉండేది. తర్వాత జట్కాబండికి సినిమా పోస్టర్లు కట్టి, మైకులో అరుస్తూ కరపత్రాలు విసిరేవారు. పిల్లలు వెంటపడి ఏరుకునేవారు.

1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే ఆయన, తమ కంపెనీ కంప్యూటర్లు చూడ్డానికి రమ్మంటూ దాదాపు 400 మందికి ఒక్కసారే ఈమెయిలు పంపాడు. జనం మండిపడ్డారు. అయినా బేరాలు కుదిరాయట. అదే వచ్చిన చిక్కు! 1994లో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో బ్యానర్ ప్రకటనలు వెలిశాయి. 2000లో గూగుల్, మనం వెతికే మాటకి తగ్గ ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది.

టముకువాడు వీధి మలుపు తిరగ్గానే మనల్ని మరిచిపోయేవాడు. ఇప్పటి ప్రకటన మరిచిపోదు. నిన్న మనం ఏం వెతికామో గుర్తుపెట్టుకుని ఇవాళ తలుపు తడుతుంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చని 2023 నాటి మన డేటా రక్షణ చట్టంలో రాశారు. అసలు అనుమతి మీట నొక్కేముందే ఒక్క క్షణం ఆలోచిస్తే, పంతులుగారి అమృతాంజనంతో పని కాస్త తగ్గుతుంది.