లోపలి చెవిలో తేడా వస్తే ఆలోచన ఎందుకు తడబడుతుంది?

చెవి అంటే వినడానికే అనుకుంటాం. లోపలి చెవిలో మూడు అర్ధచక్ర నాళాలు, రెండు చిన్న సంచులు కూడా ఉంటాయి. తల ఎటు తిరిగిందీ, ఎటు వంగిందీ మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపేవి అవే. వాటిలో తేడా వస్తే కళ్లు తిరుగుతాయి. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఆలోచన కూడా మందగిస్తుంది.

మామూలుగా నిలబడటం, నడవడం మనం ఆలోచించకుండానే జరిగిపోతాయి. చెవి నుంచి తప్పుడు కబురు వస్తుంటే, పడిపోకుండా కాసుకోవడానికే మెదడు శ్రద్ధంతా ఖర్చవుతుంది. చదివిన లైనే మళ్లీ చదవాల్సి వస్తుంది. చిల్లర లెక్క తప్పుతుంది. నడుస్తూ మాట్లాడమంటే మాట ఆగిపోతుంది. రద్దీ బజారులో ఇది ఇంకా ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా అయితే ‘మతిమరుపు వచ్చేసింది’ అని మనమే తీర్పు ఇచ్చేస్తాం, అదే పొరపాటు.

దారులు గుర్తుపెట్టుకునే మెదడు భాగాన్ని హిప్పోక్యాంపస్ అంటారు. చెవి సమాచారం దానికీ చేరుతుంది. రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ శక్తి పోయిన పది మందిని పరీక్షించిన జర్మనీ డాక్టర్లు 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో ఆ భాగం సుమారు 17 శాతం చిన్నగా ఉంది. కంప్యూటర్ తెర మీద దారి వెతకడంలోనూ వెనకబడ్డారు. మిగతా జ్ఞాపకశక్తి మాత్రం బాగానే ఉంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇంత తీవ్రమైనది కాదు. చెవిలోని సన్నని కాల్షియం రేణువులు జారి నాళంలోకి చేరతాయి. మంచం మీద పక్కకు తిరిగినా, సజ్దా నుంచి తల ఎత్తినా గది గిర్రున తిరుగుతుంది, నిమిషంలోపే తగ్గిపోతుంది. దీనికి ఎప్లీ పద్ధతి ఉంది. ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక వరుసలో తిప్పి రేణువులను వెనక్కి పంపుతారు. చాలామందికి ఒకటి రెండు సార్లకే నయమవుతుంది.

కళ్లు తిరగకుండా ఇచ్చే మత్తు మాత్రలను నెలల తరబడి మింగితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది, బుర్ర కూడా మొద్దుబారుతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి. బ్యాలెన్స్ వ్యాయామాల గురించీ అడగండి.

కళ్లు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, ఒక పక్క చేయి కాలు బలహీనమవడం, రెండుగా కనిపించడం, అస్సలు నిలబడలేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.