కపిలబావి జమాఖర్చు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమ వానకు మొగము వాచిన సీమ. ఇచ్చటి రైతునకు బావియే ప్రాణము. చమురుయంత్రములు, విద్యుత్పంపులు రాకపూర్వము ఆ నీటిని పైకి దెచ్చినది కపిల. బావిగట్టున గిలక, దానిమీదుగా మోకు, ఒక కొనకు తోలుబాన, రెండవ కొన ఎడ్లకాడికి. ఎడ్లు ఏటవాలు బాటలో దిగుచుండగా బాన పైకి వచ్చును. అవి మరల గట్టెక్కగా బాన నీట మునుగును.

వాలుబాట వలన ఎడ్లకు పని తగ్గునా? ఈ ప్రశ్నలోనే భౌతికశాస్త్రపు తొలిపాఠములన్నియు ఇమిడియున్నవి.

గమనగణితము మనవారికి క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ప్రయాణికుల లెక్కలను చేర్చెను. ఆ గ్రంథము ననుసరించి పావులూరి మల్లన తెలుగు పద్యములలో గణితమును రచించెను. కాని ఎంత దూరము, ఎంత కాలము అనుటయే ఆ లెక్కల పరిధి. బలమునకు, గమనమునకు గల సంబంధమును న్యూటను 1687లో సూత్రీకరించెను. శక్తి నశింపదు, రూపము మాత్రమే మార్చుకొనునని 1842లో మేయరు, 1847లో హెల్మ్‌హోల్ట్జు ప్రకటించిరి. జౌలు ప్రయోగములు దానిని బలపరచెను.

ఇక కపిల లెక్క చూతము. బానలో నూరు లీటర్ల నీరు, బావిలోతు 10 మీటర్లు అనుకొందము. బాన బరువును, రాపిడిని విడిచిపెట్టుదము. నూరు కిలోల నీటిపై భూమి లాగు బలము 980 న్యూటనులు. బాన ఒకే వేగముతో వచ్చుచున్నచో మోకు బిగువును అంతియే. దానిని 10 మీటర్లచే గుణింపగా పని 9,800 జౌళ్లు. ఇది ఖర్చు.

జమ ఎచ్చటిది? ఎడ్లజత బరువు 600 కిలోలు, బాట దిగుడు ఒక మీటరు అయినచో, దిగుటలో వాటి బరువే 5,880 జౌళ్లు సమకూర్చును. మిగిలిన 3,920 జౌళ్లు కండబలము. కాని గట్టెక్కునప్పుడు ఆ 5,880 జౌళ్లను ఎడ్లు తిరిగి చెల్లింపవలెను. మొత్తము మరల 9,800. వాలుబాట పనిని తగ్గింపలేదు. భారమును రెండు కిస్తీలుగా పంచి, నిండుబానను లాగు వేళ ఎడ్లకు ఊరట గల్పించినది. సూత్రము నెరుగకయే దీని నెరిగిన రైతు సామాన్యుడా!

నేడు విద్యుత్తు ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. నష్టము లేనిచో అది సుమారు 367 బానల పని. మీటరుపై తిరుగు అంకె వెనుక ఎన్ని ఎడ్ల అడుగులున్నవో దీనివలన తెలియును.

విద్యార్థులు సూత్రమునకై తొందరపడరాదు. మొదట బొమ్మ గీయవలెను. ఏ వస్తువుపై ఏ బలములున్నవో గుర్తింపవలెను. పిదప జమాఖర్చు సరిచూడవలెను. జమ కుదరనిచో తప్పు ప్రకృతిది కాదు, లెక్కది.