వాయిద్యాలు మోసిన బళ్ళు

కిందటి సంవత్సరం ఉగాదికి మిడ్‌లాండ్స్‌లోని సోదర సంఘంవారు పిలిస్తే నలుగురం నా పాత కారులో కచేరీకి వెళ్ళిన సంగతి సభ్యులకు తెలుసు. తిరుగు ప్రయాణంలో ఏం జరిగిందో మాత్రం చాలామందికి తెలియదు. రాత్రి ఒంటిగంట దాటింది. ఎం-వన్ రోడ్డు మీద లండన్ ఇంకా పదిమైళ్ళుందనగా నాకు ఒక్క క్షణం రెప్ప వాలింది. ముందు లారీ ఎర్రదీపాలు కళ్ళల్లో పడేసరికి బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఆగింది. వెనక ఒక పక్క సీటు మడిచి పడుకోబెట్టిన వీణపెట్టె, దాని మీద నేనే పెట్టిన హార్మోనియం ఆగలేదు. హార్మోనియం జారివచ్చి మృదంగం వాయించే కుర్రవాడి భుజానికి తగిలింది. భుజం రెండు వారాల్లో సర్దుకుంది. జానెడు పైకి వచ్చి ఉంటే తల.

ఆ కారు అమ్మేశాను. ఇంకొకటి కొనాలనుకున్నప్పుడు, సంగీతం వాళ్ళు ఇంతకుముందు ఏ బళ్ళు వాడారు, ఎందుకు వాడారు అని చదవడం మొదలుపెట్టాను. కారు కొనడానికి చరిత్ర పుస్తకాలు ముందేసుకున్నవాణ్ణి నన్నొక్కణ్ణే చూశానని మా ఆవిడ అంటుంది. చదివిందేదో నాలుగు ముక్కలు వ్రాయమని సంపాదకులు అడిగారు కనుక వ్రాస్తున్నాను.

వాయిద్యాన్ని మోయడం కొత్త సమస్యేమీ కాదు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతి హార్మోనియం తయారుచేశాడని చెబుతారు. కాళ్ళతో తొక్కే యూరపు హార్మోనియం కుర్చీ వేసుకుని వాయించే బీరువాలాంటిది. దాన్ని నేలమీద కూర్చుని వాయించే పెట్టె చేశారు, అంచేత మన నాటక సమాజాల వెంట ఊరూరా తిరగగలిగింది. వీణ సంగతి వేరు. ఒకే పనసదుంగలో తొలిచిన ఏకాండి వీణను విప్పలేం, మడవలేం. బొబ్బిలిలో పుట్టిన వీణ హౌన్‌స్లోలో ఉన్నా దాని పొడవు దానిదే. కారు దాని దగ్గరికి రావాలిగాని అది కారు దగ్గరికి రాదు.

ఇక ఈ దేశం సంగతి. 1956లో లానీ డొనెగన్ పాటతో స్కిఫిల్ సంగీతం ఇక్కడి కుర్రాళ్ళను ఊపేసినప్పుడు వాళ్ళ సామానంతా ఒక గిటారు, బట్టలుతికే రేకు పలక, ఒక ఖాళీ టీ పెట్టెకు కర్ర, తాడు కట్టి చేసిన బేసు. బస్సెక్కి వెళ్ళిపోయేవారు. ఆ పెట్టెలు మన అస్సాం, సిలోను టీ మోసుకొచ్చినవే అయ్యుండాలి. నాలుగేళ్ళు తిరిగేసరికి గిటారుకు కరెంటు వచ్చింది. వాక్స్ కంపెనీ ఏసీ-30 ఆంప్లిఫయరు ఒక్కొక్కటి ముప్ఫై కిలోల పైమాట. అలాంటివి మూడు, డ్రమ్ములు, మైకులు. ఇవి పట్టుకుని బస్సెక్కితే కండక్టరు ఊరుకుంటాడా?

అలా పాత సరుకుల వ్యాన్లు వాద్యబృందాల చేతికి వచ్చాయి. ఇందులో పన్నుల కథ ఒకటుంది. అప్పట్లో కార్ల మీద కొనుగోలు పన్ను ఉండేది. పక్క కిటికీలు లేని సరుకుల వ్యానుకు లేదు, కిటికీలు పెట్టించుకుంటే పడేది. 1973లో వ్యాట్ వచ్చేదాకా ఇదే పద్ధతి. అంచేత చవకగా దొరికే వ్యాను అంటే వెనక గుడ్డి చీకటి, సీట్లు లేవు, బెల్టుల మాట అసలే లేదు. కుర్రాళ్ళు ఆంప్లిఫయర్ల మీదా వాటి సందుల్లోనూ పడుకునేవారు. పన్ను మిగిలిందిగాని, సామానుకూ మనిషికీ మధ్య గోడ లేకుండా పోయింది.

బీటిల్స్ కథ అందరూ ఎరిగినదే అయినా వాళ్ళ వ్యాను కథ తక్కువమందికి తెలుసు. అకౌంటెన్సీ చదువుతున్న నీల్ ఆస్పినాల్ అనే స్నేహితుడు ఎనభై పౌన్లకు పాత కామర్ వ్యాను కొని వాళ్ళను తిప్పేవాడు. 1963 జనవరిలో, ఆ శతాబ్దంలోకెల్లా ఘోరమైన చలికాలాల్లో ఒకదానిలో, లండన్ నుంచి లివర్‌పూల్ వెళుతుండగా రాయి తగిలి ముందు అద్దం పగుళ్ళిచ్చింది. ఆ రాత్రి నడుపుతున్నది మాల్ ఎవాన్స్. కనిపించడంలేదని పగిలిన అద్దాన్ని గుద్ది కంత చేసుకుని, ఆ గాలిలోనే బండి పోనిచ్చాడు. వెనక నలుగురూ వెచ్చదనం కోసం ఒకరి మీద ఒకరు దొంతరగా పడుకున్నారట. ఆ ఏడాదే వాళ్ళ పాటలు దేశమంతా మోగిపోయాయి. వ్యానులో చలికి వణికినవాళ్ళూ వాళ్ళే.

ఎం-వన్ మొదటి భాగం 1959 నవంబరు 2న తెరిచారు. లండన్‌లో ఉంటూ బర్మింగ్‌హామ్‌లో రాత్రి కచేరీ చేసి తెల్లారేసరికి ఇల్లు చేరడం అప్పటినుంచే సాధ్యమైంది. వాట్‌ఫర్డ్ గ్యాప్ దగ్గర బ్లూ బోర్ అనే ఫలహారశాలలో అర్ధరాత్రి దాటాక అన్ని బృందాలవాళ్ళూ ఎదురుపడేవారు. జిమీ హెండ్రిక్స్ ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఆ పేరు పదేపదే వినబడుతుంటే అదేదో పెద్ద సంగీతశాల అనుకున్నాడని ఒక ముచ్చట చెప్పుకుంటారు. 1965 డిసెంబరుదాకా ఆ రోడ్డు మీద వేగానికి హద్దే లేదు. రోడ్డు మనిషి నిద్రను దొంగిలించిందని నాకనిపిస్తుంది. అంతకుముందు దూరపు ఊళ్ళో కచేరీ అయితే అక్కడే పడుకుని మర్నాడు వచ్చేవారు కదా!

1965 అక్టోబరులో ఫోర్డ్ ట్రాన్సిట్ వచ్చింది. వాద్యబృందాలు దాన్ని అంతగా హత్తుకోవడానికి కారణం ఇంజనులో ఉంది. నాలుగు సిలిండర్లను వరసగా కాక రెండేసి చొప్పున ఏటవాలుగా అమర్చిన పొట్టి ఇంజను అది. ముక్కు చిన్నదై వెనక చోటు మిగిలింది. వరస సిలిండర్ల డీజిలు ఇంజను ఆ ముక్కులో పట్టక, డీజిలు బండికి మాత్రం ముక్కు సాగదీశారు. పాత వ్యాన్లకంటే వెడల్పు కూడా ఎక్కువ. బాంకు దొంగలకూ అదే నచ్చిందని పోలీసులు వాపోయేవారట. వాళ్ళకు కావలసిందీ చోటు, వేగమే.

బండి పెరిగేకొద్దీ సామాను కూడా పెరిగింది. ది హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ ఎనిమిది స్పీకర్లు ఒకే పెట్టెలో కావాలని పట్టుబడితే జిమ్ మార్షల్ చేయించి ఇచ్చాడు. మోసే కుర్రాళ్ళు నడుములు పోతున్నాయని మొత్తుకున్నారు. చివరకు నాలుగేసి స్పీకర్ల పెట్టెలు రెండు చేసి, ఒకదానిమీదొకటి నిలబెట్టారు. రాక్ సంగీత వేదిక మీద ఇప్పటికీ కనిపించే ఆ జంట పెట్టెల గోడ వెనక ఉన్నది మోతగాళ్ళ నడుమునొప్పి. హామండ్ ఆర్గను ఇంకా ఘోరం. పెద్ద రకం బల్లతో, పెడళ్ళతో కలిపి నూటతొంభై కిలోలు. ఇక్కడి వాద్యకారులు కొందరు దాన్ని రంపంతో రెండు ముక్కలుగా కోయించి, కచేరీలో మళ్ళీ కలిపి వాయించేవారు. వీణను అలా కోయించమని ఎవరైనా అంటే నేను ఈ సంఘంలోంచి రాజీనామా ఇస్తాను!

అన్నిటికన్నా నాకు నచ్చిన ఎంపిక సముద్రానికి అవతల, కెనడాలో నీల్ యంగ్ చేసింది. అతను కొన్నది 1948 నాటి బ్యూయిక్ శవవాహనం. నవ్వకండి. పొడుగాటి చదును నేల, వెనక పూర్తిగా తెరుచుకునే తలుపు, శవపేటిక జారడానికి నేలలో రోలర్లు. ఆంప్లిఫయర్లు వాటి మీద సునాయాసంగా లోపలికి పోయేవి. 1965లో ఒంటారియోలోని బ్లైండ్ రివర్ దగ్గర అది చెడి ఆగిపోయింది. మరుసటి ఏడు లాస్ ఏంజిలిస్‌లో మళ్ళీ శవవాహనమే, ఈసారి పాంటియాక్, కొన్నాడు. సన్‌సెట్ బులెవార్డ్ రద్దీలో ఆ విచిత్రమైన బండిని చూసే పాత పరిచయస్థుడు స్టీఫెన్ స్టిల్స్ ఇతన్ని గుర్తుపట్టాడు. బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ బృందం అలా పుట్టింది. మా ఇంట్లో ఈ సంగతి చెబితే, “ఉగాది పూట ఆ మాట ఎత్తకండి” అన్నది మా ఆవిడ.

ఇక్కడ ఒక విషాదం చెప్పక తప్పదు. 1969 మే 12 తెల్లవారుజామున ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని ఎం-వన్ మీద లండన్‌కు తిరిగివస్తోంది. గాయని శాండీ డెన్నీ వేరే కారులో ఉంది. మిగతావాళ్ళ వ్యాను నడుపుతున్న మనిషికి నిద్రపట్టింది. స్క్రాచ్‌వుడ్ దగ్గర వ్యాను రోడ్డు దాటి దొర్లిపోయింది. డ్రమ్ములు వాయించే మార్టిన్ లాంబుల్, పంతొమ్మిదేళ్ళవాడు, చనిపోయాడు. గిటారు వాయించే రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. బృందం చెదిరిపోవలసిందే, కాని నిలదొక్కుకుని ఆ ఏడాది చివర ‘లీజ్ అండ్ లీఫ్’ రికార్డు తెచ్చింది. ముందు సీట్లలో బెల్టు తప్పనిసరి అయింది 1983 జనవరి 31 నుంచి, వెనక సీట్లలో పెద్దవాళ్ళకు 1991 జూలై నుంచి. లాంబుల్ పోయిన పద్నాలుగేళ్ళకు, ఇరవైరెండేళ్ళకు.

స్క్రాచ్‌వుడ్‌ను ఇప్పుడు లండన్ గేట్‌వే అంటున్నారు. నాకు రెప్ప వాలింది అక్కడికి రెండు మైళ్ళ దూరంలో. ఈ సంగతి పుస్తకంలో చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అందుకే ఈసారి కారు చూసేటప్పుడు నా లెక్క మారింది. కంపెనీ కాగితాల్లో డిక్కీ కొలత లీటర్లలో వ్రాస్తారు. వీణ పాలు కాదు లీటర్లలో కొలవడానికి! నేను వీణపెట్టె కొలతలకు అట్టపెట్టె ఒకటి చేసుకుని, దాన్ని పట్టుకుని బేరాలకు తిరిగాను. వెనక తలుపు తెరిచిన కంత ఎంత వెడల్పు, చక్రాల గూళ్ళ మధ్య నేల ఎంత, సీటు మడిస్తే నేల చదునుగా వస్తుందా మెట్టు మిగులుతుందా, గడప ఎంత ఎత్తు. గడప మోకాలి ఎత్తు దాటితే అర్ధరాత్రి స్పీకరు ఎత్తేవాడి నడుము సంగతి మార్షల్ కుర్రాళ్ళను అడగాలి. పాత వోల్వో ఎస్టేట్లు ఈ విషయంలో గొప్పవి, 1993లో 240 రకం ఆపేశారుగాని ఆ చదును నేల, నిటారు వెనుకభాగం ఇప్పటి ఏటవాలు కార్లలో రావు. వెనక బరువు పెరిగినా ఒరగకుండా తనంతట తానే ఎత్తు సరిచేసుకునే సిట్రోయెన్ సఫారీ మరీ ముచ్చటైనది. కాని దాన్ని మేపడం నా జీతానికి మించిన పని.

సరుకుల వ్యాను కొనమని కొందరు సలహా చెప్పారు. డ్రైవరు వెనక ఇనుపగోడ ఉన్న వ్యాను నిజంగా క్షేమం, పైగా కిటికీలు లేవు కనుక వీణకూ మంచిది. వీణ మెట్లు మైనం మీద కూర్చున్నవి, జూలై ఎండలో అద్దాల కారు లోపల గంటసేపు వదిలేస్తే శ్రుతి దేవుడెరుగు, మెట్లే కదులుతాయి. కాని వ్యానులో ముగ్గురికి మించి చోటు లేదు, మిగతా ఆరురోజులూ పిల్లల్ని బడికి దేంట్లో తీసుకెళ్ళాలి? సామాను ఇప్పుడు చిన్నదైందన్నదీ నిజమే. ముప్ఫై కిలోల ఆంప్లిఫయరు చేసే పని రెండు కిలోలది చేస్తోంది. తంబురా చిన్న పెట్టెలోకి వెళ్ళిపోయింది. హార్మోనియం, మృదంగం, వీణ మాత్రం మా తాతగారి కాలంనాటి బరువే. ముప్ఫై మైళ్ళ వేగంలో కారు దేన్నయినా గుద్దుకుని రెండడుగుల్లో ఆగిందంటే పన్నెండు కిలోల హార్మోనియం దాదాపు నూటఎనభై కిలోల బలంతో ముందుకు వస్తుంది. అణా పైసలతో సహా నేను వేసుకున్న లెక్క ఇది.

చివరకు పాత ఎస్టేటు కారు ఒకటి కొన్నాను. నేలలో నాలుగు ఇనుప కడియాలున్నాయి, పట్టీలతో బిగించవచ్చు. వీణపెట్టె మీద కప్పడానికి తెల్ల దుప్పటి ఒకటి ఉంచాను. వెనక సీటుకూ సామానుకూ మధ్య, కుక్కలున్నవాళ్ళు పెట్టించుకునే ఉక్కు జాలీ బిగించాను. ఒక పక్క సీటు మడిచే చోట దాన్నే నిలువునా చీల్చి రెండో ముక్క పెట్టించాను. పక్కింటాయన కుక్కపిల్ల ఎప్పుడొస్తోందని రెండుసార్లు అడిగాడు. ఇందులో ముగ్గురికే చోటు, నాలుగోవారు రైలులో రావాలి. మృదంగం కుర్రవాడి తల్లిగారు ఇటీవల కారు లోపలికి తొంగిచూసి, జాలీని రెండుచేతులా పట్టి లాగిచూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళారు.

వచ్చే ఉగాదికి మళ్ళీ మిడ్‌లాండ్స్ వెళ్ళాలి. తెల్లవారి నాలుగింటికే లేచి పచ్చడి, పులిహోర చేసినవారుగాని, సాయంత్రమంతా వాయించినవారుగాని ఆ రాత్రి బండి నడపకూడదని నేను కార్యవర్గానికి వ్రాసి ఇచ్చాను. కచేరీలో పాల్గొనకుండా, మధ్యాహ్నం కాస్త నిద్రపోయి వచ్చి నడిపేవారు ఇద్దరు కావాలి. లైసెన్సున్నవారు పేర్లు కార్యదర్శిగారికి ఈ నెలాఖరులోగా ఇవ్వండి. భోజనం సంఘం ఖర్చు.