ఒక ప్రదర్శన మిగిల్చిన నిధి

1851లో లండను హైడ్ పార్కులో మహాప్రదర్శన జరిగినది. ఖర్చులు పోగా సుమారు 1,86,000 పౌనులు మిగిలినవి. నిర్వాహకసంఘము ఆ సొమ్మును వెంటనే వ్యయపరచక, దక్షిణ కెన్సింగ్టనులో భూములు కొని నిధిగా నిలిపినది. 1891 నుండి ఆ నిధి ఆదాయముతో విజ్ఞానశాస్త్ర పరిశోధనకు ఉపకారవేతనములు ఇవ్వసాగినది.

1895లో న్యూజీలాండుకు లభించినది ఒక్క వేతనమే, అర్హులు ఇద్దరు. మొదట రసాయనశాస్త్రజ్ఞుడైన మెక్లారినును ఎన్నుకొనిరి. ఆయన వలదనుటచే అది ఎర్నెస్టు రూథర్‌ఫర్డునకు దక్కినది. ఏటా 150 పౌనుల ఆ వేతనముతోనే ఆయన కేంబ్రిడ్జి చేరెను. పరమాణువునకు కేంద్రకము కలదని 1911లో ప్రతిపాదించినది ఈయనయే.

మన హోమీ భాభాకును ఈ నిధి వేతనమిచ్చినది. నేటికిని యువ పరిశోధకులకు ఇచ్చుచునే యున్నది. అయినను 1895 నాటి సంగతి మరువరానిది: రూథర్‌ఫర్డునకు ప్రతిభ ముందే యున్నది, అవకాశము మాత్రము మరియొకరు వదలుకొనగా వచ్చినది.